పందిట్లో రెండు రాత్రులు

సంగీతం నాలుగు గోడల మధ్యనే వినాలన్నది మొన్నమొన్నటి వరకూ నా అభిప్రాయం. పైన కప్పు ఉండాలి. తలుపులు వేసి ఉండాలి. దగ్గు వచ్చినవాడు మర్యాదగా బయటికి వెళ్ళి దగ్గి రావాలి. నూరేళ్ళు దాటిన కాకినాడ సరస్వతీ గానసభ వంటి చోట నాలుగు మంచి కచేరీలు విన్నవాణ్ణి పట్టుకుని, నడివీధిలో పందిరి కింద కూర్చోబెట్టి, ఒక పక్క మిరపకాయ బజ్జీలు వేగుతూ ఉండగా కల్యాణి రాగం వినమంటే వాడి గతి ఏం కావాలో మీరే చెప్పండి.

అటువంటివాణ్ణి 2022 దసరాలలో శని, ఆదివారాలు రెండు రాత్రులు రాజమండ్రిలో పందిళ్ళ వెంట తిరిగాను. దానికి కారణం సంగీతం కాదు, మా అక్కయ్య.

అక్కయ్యకి అప్పటికి డెబ్భై ఎనిమిది నిండాయి. నాకంటె నాలుగేళ్ళు పెద్ద. ఒకరోజు పొద్దున్నే ఫోను చేసింది.

"ఒరే తమ్ముడూ, ఈ దసరాకి నువ్వూ మరదలూ రండిరా. వచ్చే దసరాకి ఈ ఇల్లు ఉండదు, నేనూ ఉండను."

"అవేం మాటలే పొద్దున్నే!" అన్నాను కంగారుగా.

"చస్తానని కాదురా, హైదరాబాదు పోతున్నానంటున్నాను" అంది.

సంగతి అదీ. బావగారు పోయి మూడేళ్ళయింది. మేనల్లుడు హైదరాబాదులో ఆరో అంతస్తులో ఉంటాడు. పెద్దదాన్ని ఒంటరిగా వదలలేనన్నాడు. అందులో తప్పేమీ లేదు. ఇల్లు పడగొట్టి ఫ్లాట్లు కట్టేందుకు ఎవరికో ఒప్పగించాడు. అందులోనూ తప్పు లేదు. తప్పు ఎవరిదీ కానప్పుడే మనస్సుకి మరీ కష్టంగా ఉంటుంది కాబోలు.

శనివారం పొద్దున్న అమలాపురంలో బస్సెక్కాం. మా ఆవిడ ఒళ్ళో పులిహోర కారియరు, నా ఒళ్ళో కొబ్బరికాయల సంచీ. కోనసీమ వాళ్ళం, కొబ్బరికాయ లేకుండా ఎవరింటికీ వెళ్ళలేం. రావులపాలెం దాటి గౌతమి వంతెన ఎక్కేసరికి నది ఇంకా ఎర్రగానే ఉంది. కడియపులంకలో రోడ్డుకి రెండు పక్కలా పూల మొక్కలు చూసి, తిరుగు ప్రయాణంలో ఒక నందివర్ధనం కొనాలని మా ఆవిడ తీర్మానించింది. 1961లో అక్కయ్య కాపురానికి వెళ్ళినప్పుడు పడవ మీద గౌతమి దాటాం. ఆ పడవలో అక్కయ్య ఒక్క మాటా మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడలేదో నాకు తెలుసుననే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. ఆ సంగతి తరవాత చెబుతాను.

శనివారం సాయంకాలం మా అక్కయ్య ఎన్నికల ప్రచారానికి బయలుదేరినట్టు బయలుదేరింది. చేతిసంచీలో మంచినీళ్ళ సీసా, విసనకర్ర, కూర్చోవడానికి మడత దుప్పటి, దోమలకి రాసుకునే మందు. మోకాళ్ళు నొప్పులని మా ఆవిడ మొరాయించింది గాని, ఆవిడ మాట సాగనియ్యలేదు.

ముందు దేవీచౌక్. రాజమండ్రిలో దసరా అంటే దేవీచౌకే. దశాబ్దాల తరబడి అక్కడ నవరాత్రులు జరుగుతున్నాయి. తెల్లవార్లూ నాటకాలు ఆడిన చోటు అది. పద్యం బాగా పడితే మళ్ళీ పాడమని కేకలు వేసిన జనం ఉన్న చోటు. మేం వెళ్ళేసరికి దీపాలు వెలిగించారు. ఎక్కడినించో నాదస్వరం వినబడింది. ఏ రాగమో పోల్చుకోలేకపోయాను. అక్కయ్య నడుస్తూనే "షణ్ముఖప్రియ" అంది. పక్కనే పూలు కడుతున్న మనిషి తలెత్తి చూసి నవ్వింది. ఆటో ఆపుకుని నిలబడ్డ కుర్రవాడు స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేస్తున్నాడు. ఏ మాట కామాటే చెప్పుకోవాలి, ఆ తాళం తప్పలేదు.

అక్కణ్ణించి ఇంకొక పందిరికి వెళ్ళాం. అక్కడ హరికథ. కథ చెబుతున్నది పాతికేళ్ళయినా నిండని అమ్మాయి. కపిలేశ్వరపురం సర్వారాయ హరికథా పాఠశాలలో నేర్చుకున్నదట. మన గోదావరి ఒడ్డున ఆడపిల్లలకి హరికథ నేర్పడానికే అటువంటి బడి ఒకటి నడుస్తున్నదన్న సంగతి చాలామంది ఎరగరు. ఆదిభట్ల నారాయణదాసుగారు 1945లో పోయారు. ఆ తరవాత హరికథకి దిక్కెవరని పెద్దలు నిట్టూర్చేవారు. ఆ దిక్కు ఇదుగో, పట్టుచీర కట్టి, కాళ్ళకి గజ్జెలు కట్టి, చేత చిడతలు పట్టి, ఒంటిచేత్తో రాముణ్ణీ రావణుణ్ణీ కూడా ఆడిస్తోంది. ఒక చోట పిట్టకథ చెప్పి పందిరంతా నవ్వించి, ఆ నవ్వు చల్లారకముందే సీతమ్మ దుఃఖంలోకి దిగింది. నా పక్కన కూర్చున్న ఒక పెద్దాయన నవ్వుకని తీసిన రుమాలు కళ్ళకి వాడుకున్నాడు.

అంతవరకూ స్వర్గం. ఇక తక్కినది కూడా చెప్పాలి గదా.

సీతమ్మ అశోకవనంలో కూర్చోగానే మైకులో ఒకాయన ప్రవేశించి, ఫలానా కిరాణా దుకాణంవారు నూట పదహార్లు చదివించారని, వారికి అమ్మవారు ఆయురారోగ్యాలు ప్రసాదించాలని ప్రకటించాడు. హనుమంతుడు చెట్టెక్కగానే నీలంచొక్కా వేసుకున్న నాలుగేళ్ళ బాబు తప్పిపోయాడన్నాడు. ఉంగరం ఇవ్వబోయేసరికి బాబు దొరికాడన్నాడు. సంతోషించాం. మా పక్కనున్న సౌండు పెట్టె నా ఎడమ చెవికి ఆ రాత్రంతా సెలవిచ్చింది. లేచి చూసుకునేసరికి నా చెప్పులు లేవు. వాటి స్థానంలో ఎవరివో రెండు ఎడమకాలి చెప్పులు ఉన్నాయి. వాటితోనే ఇంటికి నడిచాను. మా అక్కయ్య దారిపొడుగునా నవ్వుతూనే ఉంది.

"సభలో అయితే ఈ బాధలుండవు" అన్నాను కోపంగా.

"సభలో అయితే నేనూ ఉండను" అంది అక్కయ్య. "టిక్కెట్టు కొనుక్కుని, పట్టుచీర కట్టుకుని, మీ బావగార్ని వెంటబెట్టుకుని వెళ్ళే యోగం నాకెప్పుడు పట్టిందిరా? వంట అయ్యాక మాసిన చీరతో వచ్చి వెనకాల నిలబడితే, పందిట్లో ఎవరూ ఎందుకొచ్చావని అడగరు. అరవై ఏళ్ళు ఇక్కడే విన్నాను."

ఆ మాటకి నాకు జవాబు దొరకలేదు. పడుకున్నాను గాని నిద్రా పట్టలేదు. ఆ నిద్ర పట్టకపోవడానికి మూలం 1960లో ఉంది.

ఆ ఏడు మా ఊళ్ళో వినాయకచవితి పందిరి వేశారు. అక్కయ్యకి పదహారేళ్ళు. నాకు పన్నెండు. అక్కయ్య ఊళ్ళోనే ఒక పంతులుగారి దగ్గర అయిదేళ్ళు సంగీతం నేర్చుకుంది. బెజవాడ రేడియోలో పొద్దున్నే భక్తిరంజని వస్తే, అది అయిపోయేసరికి ఆ పాట అక్కయ్య నోట ఉండేది. ఆ పందిట్లో ఒక విద్వాంసుడి కచేరీ పెట్టారు. పంతులుగారు ఆయన్ని బతిమాలి, కచేరీకి ముందు మా అక్కయ్య ఒక వర్ణం, ఒక కీర్తన పాడేందుకు ఒప్పించారు. ఆయన పక్కవాద్యాలే అక్కయ్యకీ వాయిస్తాయి. అమ్మకి తెలుసు. నాన్నకి తెలియదు.

నాన్నకి చెప్పింది నేను. దుర్బుద్ధితో కాదు, గొప్పకోసం. "నాన్నా, అక్కయ్య మైకులో పాడుతుంది!" అని పరుగెత్తుకెళ్ళి చెప్పాను.

నాన్న సంగీతమంటే గిట్టని మనిషి కాదు. సుబ్బులక్ష్మిగారి పాట రేడియోలో వస్తే కళ్ళు మూసుకుని వినేవారు. మా కోనసీమలోనే, శంకరగుప్తంలో, 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి పేరు చెబితే సొంత మేనల్లుడి సంగతి చెప్పినట్టు మురిసిపోయేవారు. ఆయన తల్లి వీణ వాయించేవారని కూడా ఎంతో మెచ్చుకునేవారు. కాని తన కూతురు పదిమందిలో పందిరెక్కడం వేరే సంగతి. అప్పటికే సంబంధాలు చూస్తున్నారు. ఆయన అరవలేదు, తిట్టలేదు. "వెళ్ళి, అమ్మ పిలుస్తోందని చెప్పి దాన్ని తీసుకురా" అన్నారు.

వెళ్ళాను. అక్కయ్య అప్పటికే వేదిక మీద కూర్చుంది. శ్రుతి వేస్తున్నారు. మృదంగం ఆయన ఒకసారి మోగించి చూసుకున్నాడు. నేను కిందనించి చీర కుచ్చెళ్ళు పట్టుకు లాగి, "అమ్మ పిలుస్తోంది" అన్నాను. అక్కయ్య నా మొహంలోకి ఒక్క నిమిషం చూసింది. దిగి, నా చెయ్యి పట్టుకుని ఇంటికి వచ్చింది. ఆ తరవాతి వైశాఖంలో పెళ్ళయింది.

ఇది మరిచిపోయాననే అనుకున్నాను. ఉద్యోగం నించి రిటైరయ్యాక బెంగుళూరు నాగరత్నమ్మగారి సంగతులు చదివాను. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి మీద 1920లలో గుడి కట్టించింది ఆవిడ, తన సొంత ఆస్తితో. అయినా ఆరాధనలో ఆడవాళ్ళు పాడకూడదన్నారట! ఆవిడ వెనకడుగు వెయ్యకుండా ఆడవాళ్ళందర్నీ పోగుచేసి అక్కడే విడిగా ఆరాధన జరిపించింది. 1940 ప్రాంతంలో గాని అన్ని వర్గాలూ ఒకటి కాలేదు. 1952లో ఆవిడ పోయారు. ఇప్పుడు ఏటా పుష్య బహుళ పంచమినాడు కావేరి ఒడ్డున పందిట్లో ఆడా మగా కలిసి కూర్చుని పంచరత్నాలు పాడుతున్నారు. ఆ పుస్తకం చదువుతూ ఆవిణ్ణి పాడనివ్వని పెద్దమనుషుల మీద పళ్ళు కొరికాను. కొరికి, అర్ధాంతరంగా పుస్తకం మూసేశాను. పన్నెండేళ్ళ వయసులో ఆ పెద్దమనుషుల తరఫున కబురు మోసినవాణ్ణి నేనే గదా అనిపించింది.

ఆదివారం మూలా నక్షత్రం. సరస్వతీ పూజ. అక్కయ్య వీధి చివర చిన్న పందిరి ఉంది. ఆ రాత్రి అక్కడ గాత్ర కచేరీ. మా ఆవిడ మోకాళ్ళకి తైలం రాసుకుని ఇంట్లోనే పడుకుంది. మైకు ఎలాగూ ఇంట్లోకి వినిపిస్తుంది గదా అంది.

పాడిన అమ్మాయి గొంతు తేటగా ఉంది. వర్ణం అయింది, వినాయకుడి మీద కీర్తన అయింది. కల్యాణి రాగం ఎత్తుకుంది. ఆ రాగం ఆకాశం కింద ఎందుకు పాడాలో నాకు ఆ రాత్రి కొంచెం తెలిసింది. పందిరి అంచు దాటి, మేడల మీదికి పోయి, ఎవరి వంటింట్లోకో దూరి వస్తున్నట్టుంది. ఎదుటి మేడ మీద ఒకావిడ గిన్నె తోముతూ తోముతూ ఆగిపోయింది. సరిగ్గా అప్పుడు ముఖ్య అతిథిగారు వచ్చారు. రాగం ఆగింది. ఆయనకి శాలువా కప్పారు. ఆయన అందరికీ కప్పారు. తనకి సంగీతం తెలియదని పావుగంట సేపు చెప్పారు. తెలియదన్న సంగతికి సాక్ష్యం అక్కర్లేకపోయింది.

ఆయన మెట్లు దిగుతూ ఉండగా వాన వచ్చింది. తుంపర కాదు, గోదావరి జిల్లాల వాన. కరెంటు పోయింది. కుర్చీలు నెత్తి మీద పెట్టుకుని జనం తలో దిక్కుకి పరుగెత్తారు. కమిటీ కుర్రాళ్ళు వయొలిన్నీ మృదంగాన్నీ పక్కనున్న మూసిన కొట్టు చూరు కిందికి చేర్చారు. మేమూ అక్కడే దూరాం. బజ్జీల బండివాడు కూడా పొయ్యితో సహా అక్కడికే వచ్చాడు.

చీకట్లో మనిషి మొహం కనబడకపోతే ధైర్యం వస్తుంది. "అక్కయ్యా, ఆ రోజు అమ్మ పిలవలేదే. నాన్న పంపారు. నేను అబద్ధం చెప్పాను" అన్నాను.

అరవై రెండేళ్ళు మోసిన మూట అది. దించేసరికి చేతులు వణికాయి.

అక్కయ్య కొంగుతో తల తుడుచుకుంటూ, "తెలుసురా" అంది.

"ఎప్పుడు తెలిసింది?"

"అప్పుడే. అమ్మకి నేను కావాలంటే నిన్ను పంపిస్తుందా? వంటింటి కిటికీలోంచి కేకేస్తుంది. ఊరంతటికీ వినబడుతుంది."

"మరి తెలిసీ ఎందుకు దిగావు?"

"దిగకపోతే నాన్న వచ్చేవారు. పదిమందిలో ఆయన నన్ను లేపితే ఆయనకీ తలవంపు, నాకూ తలవంపు. పంతులుగారికి మరీను. చిన్నపిల్లాడు వచ్చి పిలిస్తే ఏముంది, ఏదో పనిబడి వెళ్ళిందనుకుంటారు. నువ్వు రావడమే నయమైంది."

నేనేమీ అనలేకపోయాను.

"పడవలో ఏడిచానని నువ్వు అనుకున్నావు గదూ? కడుపులో తిప్పింది" అంది మళ్ళీ. కాసేపాగి, "పాట పోలేదురా. పొయ్యి దగ్గర రోజూ పాడుకున్నాను, నన్నెవరూ ఆపలేదు. మీ బావగారు బాగుందనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఒక్కటే కొరత. పక్కన మృదంగం వాయిస్తుంటే ఎలా ఉంటుందో తెలియలేదు. ఆయన ఒకసారి మోగించి చూసుకున్నాడు, అంతే" అంది.

వాన సన్నబడింది. చూరు కింద మృదంగం కుర్రవాడు గుడ్డ విప్పి, సెల్‌ఫోనులో తంబూరా పెట్టుకుని, కుడిచేత్తో తట్టి చూసుకుంటున్నాడు. మొహం చిట్లించాడు.

"శ్రుతి దిగిందా బాబూ?" అంది అక్కయ్య.

"తేమకి సాగింది మామ్మగారూ. అయిదు శ్రుతి పెట్టాను, నాలుగున్నరకి దిగిపోయింది."

"నా గొంతూ అంతే నాయనా. దిగి ఇరవై ఏళ్ళయింది."

ఆ కుర్రవాడు నవ్వి, "పాడతారా? అయితే సరిగ్గా సరిపోతుంది. నేను మళ్ళీ బిగించేలోపల ఏదైనా అనండి, మూత ఎలా పలుకుతోందో చూసుకుంటాను" అన్నాడు.

అక్కయ్య నా వంక చూసింది. నేను చప్పున పక్కకి తిరిగి బజ్జీల పొయ్యి వంక చూశాను. ఆవిడ దుప్పటి మడత పరుచుకుని అరుగు మీద కూర్చుంది. మోహన రాగంలో వర్ణం, ఆది తాళం, 1960లో పాడవలసినదే. గొంతు మొదట పలకలేదు. రెండోసారి పలికింది. మృదంగం కుర్రవాడు ఊరికే తట్టి ఊరుకుంటాడేమో అనుకున్నాను. ఒక ఆవర్తం విని, నడుం నిటారు చేసి, సరిగ్గా వాయించడం మొదలుపెట్టాడు. స్వరాల దగ్గర అక్కయ్య ఒకచోట తడబడింది. అతను ఆ ఖాళీని చిన్న ముక్తాయింపుతో పూడ్చి ఆవిణ్ణి మళ్ళీ పల్లవి ఎత్తుకునే చోటికి తెచ్చి నిలబెట్టాడు. అక్కయ్య పాడుతూనే నవ్వింది. పదహారేళ్ళప్పుడు ఎలా నవ్వేదో నాకు గుర్తులేదు గాని, ఇలాగే కాబోలు.

విన్నవాళ్ళు నలుగురం. నేను, బజ్జీలవాడు, వయొలిన్ ఆయన, వానకి చిక్కిన ఒక కుక్కపిల్లని ఎత్తుకున్న పాప. చప్పట్లు కొట్టాలని ఎవరికీ తోచలేదు. ఇంకొక ఆవర్తం ఉండగానే కరెంటు వచ్చింది. "హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ" అని పందిరి దద్దరిల్లింది. కుర్రవాడు దణ్ణం పెట్టి, రాయీ పుల్లా తీసి, మృదంగాన్ని అంచు చుట్టూ కొడుతూ మళ్ళీ అయిదు శ్రుతికి ఎక్కించుకోవడంలో పడ్డాడు.

కచేరీ మరో అరగంట సాగి మంగళంతో ముగిసింది. ఆ అమ్మాయి బాగానే పాడింది. చెప్పులు కూడా ఈసారి ఎక్కడ పెట్టినవి అక్కడే ఉన్నాయి.

ఇంటికి వెళ్ళేసరికి మా ఆవిడ మేలుకునే ఉంది.

"వదినగారూ, మధ్యలో గంటసేపు మైకులో ఏమీ వినపడలేదు. ఏం జరిగింది?" అని అడిగింది.

అక్కయ్య తడిసిన దుప్పటి దండెం మీద ఆరవేస్తూ, "ఏముందీ, వానొచ్చింది" అంది. కొసలు సరిచేసి, వెనక్కి తిరిగి, "ఒక వర్ణం మాత్రం పాడారు. ఫరవాలేదు" అంది.